తులసీదాస్ బలరాం

తులసీదాస్ బలరాం (1936–2023) సికింద్రాబాద్‌లో పుట్టి, హైదరాబాద్ మైదానాల్లో ఆట నేర్చి, కలకత్తాలో పేరు తెచ్చుకున్న భారత ఫుట్‌బాల్ ఫార్వర్డ్. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌కూ, 1958 టోక్యో, 1962 జకార్తా ఆసియా క్రీడలకూ వెళ్లిన భారత జట్లలో సభ్యుడు. జకార్తాలో స్వర్ణం గెలిచిన జట్టు ముందు వరసలో ఎడమ పక్క ఆడినవాడు ఆయనే. ఆ తరంలో ప్రదీప్ కుమార్ (పి.కె.) బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం అనే మూడు పేర్లను దేశమంతా ఒక్క గుక్కలో పలికేది. ఆయన ఆటజీవితం చాలా చిన్నది. పెద్ద మైదానాల్లో పదేళ్లయినా ఆడకముందే, 1963లో, ఇరవై ఏడేళ్ల వయసులో ఊపిరితిత్తుల జబ్బు ఆయన ఆటకు అడ్డం పడింది. ఆ కొద్దికాలంలోనే ఆయన సాధించినంత, తెలుగు నేల మీద పుట్టిన మరే ఫార్వర్డూ సాధించలేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఆడిన స్థానం

గోలు కొట్టడం ప్రధాన బాధ్యతగా ముందు వరసలో ఆడేవారిని ఫార్వర్డ్ అంటారు. బలరాం ఆట మొదలుపెట్టిన రోజుల్లో ముందు వరసలో ఐదుగురు ఉండేవారు. రెండు అంచుల్లో ఔట్‌సైడ్ రైట్, ఔట్‌సైడ్ లెఫ్ట్, వారికి లోపలి వైపు ఇన్‌సైడ్ రైట్, ఇన్‌సైడ్ లెఫ్ట్, నట్టనడుమ సెంటర్ ఫార్వర్డ్. అంచుల్లోని వారి పని గీత వెంట పరుగెత్తి బంతిని గోలు ముందుకు అందించడం. ఇన్‌సైడ్ ఆటగాళ్లు మధ్య వరస నుంచి బంతి తెచ్చి దారి తెరుస్తారు. చివరి దెబ్బ ఎక్కువగా సెంటర్ ఫార్వర్డ్‌ది.

బలరాం వీటిలో ఏ ఒక్క స్థానానికీ కట్టుబడలేదు. ఎడమ అంచున, ఇన్‌సైడ్ లెఫ్ట్‌గా, అవసరమైతే నడుమ సెంటర్ ఫార్వర్డ్‌గా కూడా ఆడేవాడు. అప్పటి భారత కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఆయన్ను ఒక్కోసారి నడుమన నిలిపి, కాస్త వెనక్కి జరిపి ఆడించేవారు. 1950లలో హంగేరీ జట్టు ప్రపంచానికి చూపించిన ఎత్తు అది. సెంటర్ ఫార్వర్డ్ వెనక్కి తగ్గితే, అతన్ని కాపలా కాసే డిఫెండర్ ఎటూ తేల్చుకోలేడు. వెంట వెళ్తే వెనక ఖాళీ అవుతుంది, ఆగిపోతే బంతి ఉన్నవాడికి తీరిక చిక్కుతుంది. ఈ ఆటకు గోలు కొట్టే కాలితో పాటు మైదానమంతా చూసే కన్ను కావాలి. బలరాంలో ఆ రెండూ ఉన్నాయి.

బాల్యం, తొలి ఆట

బలరాం పుట్టిన అమ్ముగూడ సికింద్రాబాద్ కంటోన్మెంట్ ప్రాంతంలోది. బ్రిటిష్ సైనికుల పటాలాలు దిగిన చోటల్లా ఫుట్‌బాల్ కూడా దిగింది. తిరుమలగిరి, బొల్లారం, లాలాపేట వైపు పిల్లలు సైనికుల ఆట చూసి నేర్చుకున్నారు. తెలుగు, తమిళం, ఉర్దూ కలగలిసిన ఆ వాడల్లో బంతి ఒక్కటే అందరి భాష.

ఇంట్లో కలిమి లేదు, బూట్లు కొనుక్కునే స్తోమత లేదు. 1950ల మొదట్లో సైన్యానికి చెందిన ఆర్మీ కంబాట్ ఫోర్స్ జట్టులోనూ, ఆ తర్వాత హైదరాబాద్ లీగులో రైడర్స్ క్లబ్ తరఫునా ఆడాడు. అక్కడే సయ్యద్ అబ్దుల్ రహీం కన్ను ఆయన మీద పడింది. సికింద్రాబాద్ నుంచి హైదరాబాద్‌కు రోజూ రావడానికి డబ్బుల్లేవని కుర్రవాడు చెబితే, సైకిలు అద్దెకు తీసుకొమ్మని రహీం తన జేబులోంచి రూపాయి ఇచ్చారని చెబుతారు. ఆ రోజుల్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ ఎలా నడిచిందో చెప్పడానికి ఈ చిన్న సంగతి చాలు. ఎంపిక సంఘాలూ శిక్షణ సంస్థలూ లేవు. పిల్లవాణ్ణి గుర్తుపట్టగల ఒక మాస్టారు మాత్రం ఉన్నారు.

హైదరాబాద్ ఫుట్‌బాల్ బడి

బలరాం ఎదుగుదలను ఆ ఊరి ఆట నుంచి విడదీసి చూడలేం. రహీం (1909–1963) మొదట బడి పంతులు. 1950 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ, దాదాపు అదే కాలంలో భారత జట్టుకూ కోచ్. సిటీ పోలీస్ జట్టు 1950లో డ్యూరాండ్ కప్ గెలిచింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు ఎవరికీ వదల్లేదు. రహీం శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌ను 1–0తో ఓడించి తొలి ఆసియా స్వర్ణం సాధించింది.

రహీం పద్ధతుల్లో కొన్ని ఇప్పటికీ కొత్తగానే తోస్తాయి. బంతిని కాలి దగ్గర అట్టిపెట్టుకుని మెలికలు తిప్పడం నిషేధించి పోటీలు పెట్టేవారు. వచ్చిన బంతిని వచ్చినట్టే పక్కవాడికి పంపడం అలవాటు కావాలని దాని ఉద్దేశం. వాటం లేని కాలితోనే ఆడాలని మరో నిబంధన పెట్టేవారు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత్ 1–10 తేడాతో ఓడింది. ఎక్కువమంది బూట్లు లేకుండా ఆడిన ఆ మ్యాచ్ తర్వాత మన ఆటలో బూట్లు తప్పనిసరి చేశారు. అయితే బూట్లు తొడిగినంత మాత్రాన ఆట మారదని రహీంకు తెలుసు. వేగంగా బంతి పంచడం, ఖాళీ వెతుక్కుంటూ పరుగెత్తడం ఆయన నేర్పింది ఆ ఓటమి తర్వాతనే ఎక్కువ. బలరాం సరిగ్గా ఆ మారుతున్న ఆటలోకి అడుగుపెట్టాడు.

జాతీయ ఛాంపియన్‌షిప్ అయిన సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956–57, 1957–58లలో వరసగా రెండుసార్లు గెలిచింది. రెండు జట్లలోనూ బలరాం ఉన్నాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాద్ రాష్ట్రం కనుమరుగైనా, ఫుట్‌బాల్‌లో ఆ పేరు అప్పటికింకా నిలిచి ఉంది. ‘ఆంధ్రప్రదేశ్’ పేరుతో ఈ ట్రోఫీ గెలిచింది 1965–66లో, అదీ ఒక్కసారే. (చూ. సంతోష్ ట్రోఫీ, సయ్యద్ అబ్దుల్ రహీం.)

మెల్‌బోర్న్, 1956

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. అదే నెల 22న మెల్‌బోర్న్‌లో ఒలింపిక్స్ మొదలయ్యాయి. సమర్ ‘బద్రు’ బెనర్జీ నాయకత్వంలోని భారత ఫుట్‌బాల్ జట్టులో ఇరవై ఏళ్ల బలరాం ఒకడు. కొత్త రాష్ట్రానికి అప్పుడు నెల కూడా నిండలేదు.

డిసెంబరు 1న భారత్ ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4–2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్సు కొట్టాడు. సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో 1–4తో, మూడో స్థానం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 0–3తో ఓడి భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు అదే. మన దేశానికి నేటికీ అదే అత్యుత్తమ ఫలితం.

రెండేళ్ల తర్వాత టోక్యో ఆసియా క్రీడల్లోనూ ఫలితం నాలుగో స్థానమే. హాంగ్‌కాంగ్‌పై అదనపు సమయంలో 5–2తో గెలిచినా, సెమీఫైనల్లో దక్షిణ కొరియా 3–1తో ఆపేసింది.

కలకత్తా కాలం

1957లో బలరాం ఈస్ట్ బెంగాల్ క్లబ్‌లో చేరాడు. అప్పట్లో ఫుట్‌బాల్‌తో బతకాలనుకునే దక్షిణాది కుర్రవాడికి కలకత్తా ఒక్కటే గమ్యం. అక్కడి మైదాన్‌లో వేలమంది చూస్తారు, పత్రికలు రాస్తాయి, ఉద్యోగం దొరుకుతుంది. తర్వాతి రెండు దశాబ్దాల్లో హైదరాబాద్ నుంచి పదులకొద్దీ ఆటగాళ్లు అదే రైలెక్కారు. హైదరాబాద్ ఆట బక్కచిక్కిపోవడానికి ఈ వలస ఒక పెద్ద కారణం. వలస వెళ్లినవారిని మాత్రం తప్పుపట్టలేం.

ఈస్ట్ బెంగాల్ తరఫున ఆయన వందకు పైగా గోల్సు కొట్టాడు. 1958లో క్లబ్ ఐ.ఎఫ్.ఏ. షీల్డ్ గెలిచింది. 1960లో డ్యూరాండ్ కప్‌ను మోహన్ బగాన్‌తో కలిసి పంచుకుంది. ఆయనకు మరపురాని ఏడాది 1961. ఆ ఏడు ఆయనే కెప్టెన్. 1952 తర్వాత చేజారిన కలకత్తా లీగ్ టైటిల్‌ను తొమ్మిదేళ్లకు ఈస్ట్ బెంగాల్ తిరిగి అందుకుంది. లీగులో అందరికంటే ఎక్కువగా 23 గోల్సు కొట్టినవాడు కూడా కెప్టెనే. నాయకత్వం, గోల్సు రెండూ ఒకే మనిషి భుజాన మోసిన ఆ సీజన్ గురించి కలకత్తా పాతతరం అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు. మన వైపు మాత్రం ఆ లెక్క గుర్తున్నవారు తక్కువ.

బెంగాల్ తరఫున కూడా సంతోష్ ట్రోఫీ గెలిచాడు. 1963లో రైల్వే జట్టయిన బెంగాల్ నాగపూర్ రైల్వే, వాడుకలో బి.ఎన్.ఆర్., జట్టుకు మారాడు. ఆటగాడిగా అదే చివరి మజిలీ.

రోమ్, 1960

బలరాం గోల్సు కొట్టే సత్తాను ప్రపంచం చూసింది రోమ్ ఒలింపిక్స్‌లో. అర్హత పోటీల్లో ఇండోనేషియాను రెండు మ్యాచ్‌ల్లోనూ ఓడించి భారత్ అక్కడికి చేరింది. కెప్టెన్ పి.కె. బెనర్జీ. గ్రూపులో ఎదురుపడ్డవి హంగేరీ, ఫ్రాన్స్, పెరు.

ఆగస్టు 26న లాక్విలాలో హంగేరీతో మొదటి మ్యాచ్. ఫ్లోరియన్ ఆల్బర్ట్ వంటి ఆటగాళ్లున్న ఆ జట్టు ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. రెండు గోల్సు వెనకబడ్డాక, చివరి భాగంలో బలరాం ఒక గోలు తిరిగిచ్చాడు. 1–2తో ఓటమి తప్పలేదు. ఫ్రాన్స్‌తో మ్యాచ్ గ్రొసెటోలో 1–1తో డ్రా అయింది. భారత్ గోలు పి.కె. బెనర్జీది. సెప్టెంబరు 1న పెస్కారాలో పెరుతో 1–3తో ఓడిపోయినప్పుడు భారత్ కొట్టిన ఒక్క గోలూ బలరాందే. మూడు మ్యాచ్‌ల్లో భారత్ కొట్టినవి మూడు గోల్సు, వాటిలో రెండు ఆయనవి. ఆ తర్వాత భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టు మళ్లీ ఒలింపిక్స్ గడప తొక్కలేదు. కాబట్టి ఒలింపిక్స్‌లో భారత్ తరఫున నేటిదాకా చివరి గోలు కొట్టినవాడు ఈ సికింద్రాబాద్ ఫార్వర్డే.

జకార్తా, 1962

నాలుగో ఆసియా క్రీడలకు వెళ్లిన జట్టులో చునీ గోస్వామి కెప్టెన్, రహీం కోచ్. హైదరాబాద్ నుంచి ముందు వరసలో బలరాంతో పాటు యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. రహీంను అప్పటికే క్యాన్సర్ పట్టింది.

పోటీలు మొదలవకముందే వివాదం రాజుకుంది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండోనేషియా రానివ్వలేదు. దాన్ని తప్పుపట్టిన ఆసియా క్రీడల సమాఖ్య ప్రముఖుడు జి.డి. సోంధీ భారతీయుడు. దాంతో ఇండోనేషియా జనం కోపమంతా భారత్ మీదికి మళ్లింది. భారత రాయబార కార్యాలయంపై దాడి జరిగింది. మన ఆటగాళ్లు దాక్కున్నట్టుగా బస్సులో ప్రయాణించాల్సి వచ్చింది. మైదానంలో జాతీయగీతం కూడా ఈలల్లో కలిసిపోయింది.

మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా 2–0తో ఓడించింది. తర్వాత థాయిలాండ్‌పై 4–1తో గెలుపు, అందులో ఒక గోలు బలరాంది. జపాన్‌పై 2–0. పి.కె. ఒకటి కొడితే, బలరాం మరొకటి. ఈ గెలుపుతోనే సెమీఫైనల్ దారి తెరుచుకుంది. అయితే డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. గాయంతో ఉన్నవాణ్ణి వెనక నిలపకుండా సెంటర్ ఫార్వర్డ్‌గా పంపాలని రహీం నిర్ణయించారు. దక్షిణ వియత్నాంతో సెమీఫైనల్ 3–2తో గెలిచారు. చునీ రెండు గోల్సు, జర్నైల్ ఒకటి.

జర్నైల్‌ను నడుమకు తేవడం వల్ల మిగతా ఫార్వర్డ్‌ల స్థానాలు కదిలాయి. బలరాం ఎడమ అంచు పట్టుకున్నాడు. గోల్సు కొడుతున్న ఆటగాణ్ణి పక్కకు జరిపితే చాలామంది మనసు కష్టపెట్టుకుంటారు. ఆయన మాత్రం ఆ అంచు నుంచే ఆట నడిపాడు. ఏ స్థానంలో ఉంచినా జట్టుకు పనికొచ్చే గుణం రహీం బడిలో అబ్బిందే.

సెప్టెంబరు 4న ఫైనల్. సెనాయన్ స్టేడియంలో సుమారు లక్షమంది. దాదాపు అందరూ భారత్ ఓడిపోవాలని కోరేవారే. తమ హాకీ ఫైనల్లో భారత్‌నే ఓడించిన పాకిస్తాన్ హాకీ జట్టు సభ్యులు మాత్రం మన ఫుట్‌బాల్ జట్టును ప్రోత్సహించారని ఆటగాళ్లు తర్వాత చెప్పుకున్నారు. ఫైనల్ ముందు రాత్రి రహీం తన కుర్రాళ్లను స్వర్ణాన్ని కానుకగా అడిగారట. 17వ నిమిషంలో పి.కె., 20వ నిమిషంలో తలకట్టుతో ఉన్న జర్నైల్ గోల్సు కొట్టారు. చివర్లో దక్షిణ కొరియా ఒకటి తిరిగిచ్చింది. 2–1తో స్వర్ణం భారత్‌దైంది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ మళ్లీ స్వర్ణం గెలవలేదు. మరుసటి ఏడు జూన్ 11న రహీం కన్నుమూశారు. బలరాం ఆట ఆగిపోయింది కూడా అదే సంవత్సరం. హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు 1963 రెండు విధాల నష్టం తెచ్చిన ఏడు.

1962కు బలరాం అర్జున అవార్డు అందుకున్నాడు. పద్మ పురస్కారం ఆయనకు రాలేదు. పి.కె.కూ చునీకీ పద్మశ్రీ దక్కింది. ముగ్గురిలో ఒక్కరిని పక్కన పెట్టడానికి ఆటపరంగా ఏ కారణమూ కనిపించదు.

విరమణ, తర్వాతి జీవితం

జబ్బు పడ్డాక ఆయన సికింద్రాబాద్‌కు తిరిగి రాలేదు. హుగ్లీ నది ఒడ్డున ఉత్తరపాడాలో స్థిరపడ్డాడు. పెళ్లి చేసుకోలేదు. రైల్వే ఉద్యోగం ఆధారంగా నిలిచింది. కుర్రవాళ్లకు ఆట నేర్పాడు, ఆటగాళ్ల ఎంపికలోనూ పాలుపంచుకున్నాడు. 2020 మార్చి 20న పి.కె. బెనర్జీ, ఏప్రిల్ 30న చునీ గోస్వామి చనిపోయారు. నలభై ఒక్క రోజుల తేడాలో ఇద్దరూ వెళ్లిపోగా ముగ్గురిలో మిగిలింది ఆయన ఒక్కడే. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో మరణించాడు. 2024లో రహీం జీవితంపై వచ్చిన హిందీ చిత్రం ‘మైదాన్’లో జకార్తా జట్టు కథ తెరకెక్కింది. దాన్ని చూడడానికి ఆయన లేడు.

తర్వాతి హైదరాబాద్ ఫార్వర్డ్‌లు, ఇరాన్ ఊసు

బలరాంతో జకార్తాలో ఆడిన యూసుఫ్ ఖాన్ 1966లో అర్జున అవార్డు అందుకున్నాడు. తర్వాతి తరంలో మహమ్మద్ హబీబ్ (1949–2023) 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ముఖ్యుడు. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీయే. 1977 సెప్టెంబరులో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ 2–2తో డ్రా చేసినప్పుడు ఒక గోలు హబీబ్‌ది. షబ్బీర్ అలీ నాయకత్వంలో భారత యువజట్టు 1974లో బ్యాంకాక్‌లో ఆసియా యూత్ టైటిల్‌ను ఇరాన్‌తో సంయుక్తంగా గెలుచుకుంది. ఫైనల్ 2–2తో ముగిసింది.

1951 ఫైనల్లో ఓడిన ఇరాన్, 1974 నాటికి మనతో సమానంగా నిలిచింది. 1978లో ప్రపంచకప్ ఆడింది. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి వచ్చిన ఇరానీ యువకులు మజీద్ బిష్కర్, జంషీద్ నస్సీరీ 1980లో ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. అంతకు సుమారు ఇరవై ఏళ్ల కిందట ఒక సికింద్రాబాద్ కుర్రవాడు కెప్టెన్‌గా నడిపిన ఆ క్లబ్, గోల్సు కోసం ఇరానీ ఆటగాళ్ల మీద ఆధారపడే స్థితికి వచ్చింది. ఆసియా ఫుట్‌బాల్‌లో బలాబలాలు ఎటు తిరిగాయో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది. (చూ. ఈస్ట్ బెంగాల్ క్లబ్, మహమ్మద్ హబీబ్, షబ్బీర్ అలీ.)

అనంతపురంలో ఫుట్‌బాల్

బలరాం తరం ఆడిన రోజుల్లో హైదరాబాద్, సికింద్రాబాద్ దాటి తెలుగు జిల్లాల్లో ఫుట్‌బాల్‌కు గట్టి పునాది పడలేదు. రాయలసీమలో అసలు మైదానాలే తక్కువ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురంలో పచ్చగడ్డి మైదానం పెంచడం, వేరుశెనగ చేను కాపాడుకోవడం కంటే సులువేమీ కాదు.

ఇక్కడ ఆటకు ఆసరా వచ్చింది ఊహించని వైపు నుంచి. స్పెయిన్ దేశస్థుడు విసెంట్ ఫెర్రర్ (1920–2009) 1969లో అనంతపురం వచ్చి, భార్య అన్నె ఫెర్రర్‌తో కలిసి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నిలబెట్టారు. జిల్లా జనం నోట అది ఆర్డీటీ. కరువు పల్లెల్లో బడులు, ఆసుపత్రులు, ఇళ్లు, నీటి గుంతలతో మొదలైన పని ఆటల దాకా విస్తరించింది. ట్రస్టు నడిపే అనంతపురం క్రీడాగ్రామంలో క్రికెట్, హాకీ, టెన్నిస్, జూడోలతో పాటు ఫుట్‌బాల్ మైదానాలున్నాయి. స్పెయిన్ లీగ్ లా లీగా సహకారంతో పల్లె పిల్లలకు ఫుట్‌బాల్ శిక్షణ సాగింది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు ఇక్కడ జరిగినప్పుడు దేశమంతా ఈ మైదానాన్ని చూసింది, అదీ క్రికెట్ కారణంగానే.

1950ల సికింద్రాబాద్‌కూ, నేటి అనంతపురానికీ పోలిక లేకపోలేదు. అక్కడ ఆట పటాలాల వెంట వస్తే, ఇక్కడ ఒక సేవాసంస్థ వెంట వచ్చింది. రెండు చోట్లా ఆడేది డబ్బులేని ఇళ్ల పిల్లలే. ఈ జిల్లాలో మరొక మార్పూ ఉంది. బలరాం కాలంలో మైదానంలో కనిపించని ఆడపిల్లలు ఇక్కడ మగపిల్లలతో పాటే బూట్లు కట్టుకుని బరిలోకి దిగుతున్నారు. (చూ. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, రాయలసీమ క్రీడలు.)